సెల్మాలో వంతెనకు ముందున్న వరుస

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సెల్మా అనే చిన్న పట్టణం ఉంది. ఏటా మార్చి మొదటి వారాంతంలో అక్కడికి జనం వేల సంఖ్యలో వచ్చి ఒక వంతెన ఎక్కుతారు. అలబామా నది మీద 1940లో కట్టిన ఎడ్మండ్ పెట్టస్ వంతెన అది. నడుమ ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉంటుంది. ఊరి వైపు నుంచి ఎక్కేవారికి నడిమధ్యకు చేరేదాకా అవతలి ఒడ్డు కనబడదు. 1965 మార్చి 7, ఆదివారం మధ్యాహ్నం నల్లజాతివారి ఓటు హక్కు కోసం బయలుదేరిన దాదాపు 600 మంది ఇద్దరిద్దరు చొప్పున కాలిబాట మీద నడుచుకుంటూ ఆ ఎత్తుకు వచ్చాకే, కింద రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ పోలీసుల వరుస వారికి కనబడింది.

ముందు వరుసలో ఉద్యమ నాయకులు జాన్ లూయిస్, హోసియా విలియమ్స్ ఉన్నారు. పాతికేళ్ల లూయిస్ వీపున ఒక సంచి ఉంది. అందులో రెండు పుస్తకాలు, ఒక యాపిల్, ఒక నారింజ, పళ్లు తోముకునే బ్రష్షు, పేస్టు ఉన్నాయని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. జైలుకు తీసుకుపోతారనుకుని సర్దుకున్న సంచి అది. ఆసుపత్రికి పోవలసి వస్తుందని ఎవరూ అనుకోలేదు. వెనక్కి వెళ్లిపోవడానికి రెండు నిమిషాలు గడువిస్తున్నానని మేజర్ జాన్ క్లౌడ్ ప్రకటించాడు. నిమిషం దాటిందో లేదో లాఠీలు లేచాయి. బాష్పవాయువు కమ్ముకుంది, గుర్రాల మీద ఉన్నవాళ్లు పరుగెత్తేవారి వెంటపడ్డారు. లూయిస్ పుర్రె చిట్లింది. ఆ ఉద్యమాన్ని ఊళ్లో ఏళ్ల తరబడి మోసిన అమీలియా బోయింటన్ స్పృహ తప్పి రోడ్డు మీద పడిపోయారు. 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ రాత్రి ఏబీసీ టెలివిజన్ నాజీ నేరస్థుల విచారణపై తీసిన సినిమాను మధ్యలో ఆపి ఈ దృశ్యాలు చూపించింది. కోట్లాది మంది ఇళ్లలో కూర్చుని చూశారు.

‘రక్తసిక్త ఆదివారం’ అని చరిత్రకెక్కిన ఆ రోజునే సంస్మరణ సభలు తలుచుకుంటాయి. తలుచుకోవలసిందే. కానీ ఆ 600 మంది పోరాటం వంతెన దాటడం కోసం కాదు. వారి గొడవంతా ఊరి నడుమ ఉన్న డాలస్ కౌంటీ కోర్టు భవనంలోని ఒక బల్లతో. (డాలస్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చే టెక్సస్ నగరం కాదిది, సెల్మా ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటి ప్రాంతం, పేరూ అదే.) ఆ బల్ల వెనక కూర్చునే నమోదు అధికారులు ఎవరికి ఓటుందో, ఎవరికి లేదో తేల్చేవారు. వంతెన మీది లాఠీలకు ఫోటోలున్నాయి. ఆ బల్ల దగ్గర దశాబ్దాల పాటు జరిగిన పనికి ఫోటోలు దాదాపు లేవు. అక్కడ జరిగిందంతా కాగితం మీద జరిగింది, అందుకే జనం జ్ఞాపకంలో దానికి చోటు చిక్కలేదు.

అమెరికాలో జాతిని బట్టి ఓటు నిరాకరించరాదని రాజ్యాంగ 15వ సవరణ 1870లోనే చెప్పింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతకు అలబామా కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1901లో ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంది. శ్వేతజాతి ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నెలకొల్పడమే తమ పని అని ఆ సభ అధ్యక్షుడు జాన్ నాక్స్ దాపరికం లేకుండా ప్రకటించాడు. ఓటు వేయాలంటే కట్టవలసిన పోల్ పన్ను, అక్షరాస్యత పరీక్ష, ఆస్తి నిబంధన అన్నీ ఆ రాజ్యాంగంలో చేరాయి. ఎక్కడా ‘నల్లవారికి ఓటు లేదు’ అని రాయలేదు, రాయవలసిన అవసరమూ రాలేదు. లక్షా 80 వేలకు పైగా అర్హులైన నల్లజాతి పురుషులున్న రాష్ట్రంలో రెండేళ్లు తిరిగేసరికి జాబితాలో మిగిలింది 3 వేలలోపే.

1960ల తొలినాళ్లలో డాలస్ కౌంటీలో ఓటు వయసు వచ్చిన నల్లజాతీయులు సుమారు 15 వేల మంది. ఓటర్లుగా నమోదైనవారు నూటికి ఇద్దరు. నమోదు కార్యాలయం నెలకు రెండు సోమవారాలు మాత్రమే తెరిచేవారు. పనిమానుకుని వచ్చినవాడు గంటల తరబడి వరుసలో నిలబడి, లోపలికి వెళ్లేలోపు మధ్యాహ్న భోజన విరామం, ఆ తర్వాత ‘ఈ రోజుకు అయిపోయింది’. లోపలికి చేరినవాడికి నాలుగు పేజీల దరఖాస్తు. రాజ్యాంగంలోంచి ఒక భాగం చదివి వినిపించాలి, ప్రభుత్వ వ్యవస్థ మీద ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జవాబు సరైనదో కాదో చెప్పేది ఆ అధికారే, ఎందుకు తప్పో చెప్పవలసిన పని లేదు. పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మకు చదవడం రాదని ఆ బల్ల తేల్చగలదు. కళాశాల పట్టా చూపించినా అక్షరాస్యుడని నమ్మరని ఆ తర్వాత అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పార్లమెంటు ముందు నిలబడి చెప్పింది అతిశయోక్తి కాదు.

వీటన్నిటికంటే గడుసైనది సిఫారసు నిబంధన. దరఖాస్తుదారు మంచివాడేనని అప్పటికే ఓటరుగా ఉన్న ఒకరు వచ్చి హామీ ఇవ్వాలి. సెల్మాలో అలాంటి నల్లజాతి ఓటర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కనున్న లౌన్స్ కౌంటీలో జనాభాలో నూటికి 80 మంది నల్లవారు, 1965 ఆరంభంలో ఓటున్నవారు ఒక్కరూ లేరు. ఓటరు కావాలంటే ఓటరు తెలిసి ఉండాలి, తెలిసిన ఓటరు ఉండాలంటే ముందు ఒకరు ఓటరు కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కుప్రశ్ననే చట్టంగా రాసిపెట్టారన్నమాట.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక తేడా తెలియాలి. మన దగ్గర ఓటర్ల జాబితా తయారుచేయడం ప్రధానంగా ఎన్నికల యంత్రాంగం పని. సిబ్బంది ఇంటికి వచ్చి పేర్లు రాసుకుంటారు. జాబితాలో పేరు గల్లంతైతే అది వ్యవస్థ తప్పుగానే చూస్తాం. అమెరికాలో సంప్రదాయంగా ఆ భారం పౌరుడిదే. వెళ్లి నమోదు చేయించుకుంటేనే ఓటరు. కాబట్టి నమోదు బల్ల ఎవరి చేతిలో ఉంటే ఎన్నిక వారి చేతిలో ఉన్నట్టే. అక్షరాస్యత 20 శాతం కూడా లేని భారతదేశం 1951–52లో గుర్తుల సాయంతో అందరిచేతా ఓటు వేయించింది. అదే కాలంలో సెల్మాలో బడిపంతుళ్లు చదువు పరీక్షలో తప్పుతూ ఉన్నారు.

1963 అక్టోబరు 7 ఒక నమోదు సోమవారం. దాన్ని ఉద్యమకారులు ‘స్వేచ్ఛా దినం’ అన్నారు. సుమారు 350 మంది కోర్టు భవనం చుట్టూ ఎండలో వరుస కట్టారు. వరుస వదిలితే చోటు పోతుంది, వదలకపోతే గొంతు తడుపుకోవడానికి చుక్క నీరు లేదు. ఇద్దరు యువ కార్యకర్తలు తినడానికీ తాగడానికీ ఏదైనా అందిద్దామని వరుస దగ్గరకు వెళితే పోలీసులు కొట్టి అరెస్టు చేశారు. ఆ రోజు వరుసలో నిలబడినవారిలో ఆనీ లీ కూపర్ ఒకరు. వేరే రాష్ట్రాల్లో ఉన్నప్పుడు ఓటు వేసిన మనిషే, సొంత ఊరికి వచ్చాక ఓటు పోయింది. వరుసలో కనబడినందుకు ఉన్న ఉద్యోగమూ పోయింది. 1965 జనవరిలో ఆమె మళ్లీ అదే వరుసలో నిలబడ్డారు. కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్ జిమ్ క్లార్క్ తోసి పొడిస్తే తిరిగి అతని ముఖం మీద ఒక గుద్దు గుద్దారు. చొక్కాకు ‘ఎన్నటికీ కాదు’ అనే బిళ్ల తగిలించుకు తిరిగే మనిషి క్లార్క్. అహింసాయుత ఉద్యమపు సంస్మరణల్లో ఆ గుద్దును కొంచెం ఇబ్బందిగా దాటవేస్తారు. 54 ఏళ్ల ఆడమనిషి ఏళ్ల తరబడి అవమానం మింగాక కొట్టిన దెబ్బను దాటవేయడంలో పెద్ద న్యాయం కనబడదు.

అదే జనవరి 22న వందమందికి పైగా ఉపాధ్యాయులు ఎఫ్. డి. రీస్ నాయకత్వంలో కోర్టు మెట్ల దాకా నడిచారు. జైలుకు సిద్ధమేనన్నట్టు కొందరు పళ్ల బ్రష్షులు పైకెత్తి చూపించారు. నల్లజాతివారిలో స్థిరమైన జీతమున్న కొద్దిమంది వారే, ఆ జీతమిచ్చేది తెల్లవారి పాఠశాల బోర్డు. సెల్మాలో ఉద్యమం మలుపు తిరిగింది ఆ రోజేనని అక్కడివారిలో చాలామంది అంటారు. దానికి ఏటా వేలమంది తరలివచ్చే పండుగేమీ లేదు.

ఫిబ్రవరి 18 రాత్రి పొరుగున మేరియన్‌లో పోలీసులు ఒక ఊరేగింపు మీద పడ్డారు. 82 ఏళ్ల తాతను, తల్లిని కాపాడుకోబోయిన 26 ఏళ్ల జిమ్మీ లీ జాక్సన్‌ను ఒక కాఫీ హోటల్లో పోలీసు కాల్చాడు. ఎనిమిది రోజులకు సెల్మా ఆసుపత్రిలో అతను చనిపోయాడు. శవాన్ని మోసుకెళ్లి రాజధాని మాంట్‌గోమరీలో గవర్నర్ జార్జ్ వాలస్ గడపలో పెడదామన్న మాట కోపంలో పుట్టింది. మార్చి 7న వంతెన దగ్గర ఆగిపోయిన 54 మైళ్ల పాదయాత్ర ఆలోచనకు మూలం అదే. కాల్చిన పోలీసు జేమ్స్ ఫౌలర్ 2010లో, అంటే 45 ఏళ్ల తర్వాత నేరం ఒప్పుకున్నాడు; పడిన శిక్ష ఆరు నెలలు.

మార్చి 9న మార్టిన్ లూథర్ కింగ్ రెండు వేల మందికి పైగా జనాన్ని మళ్లీ వంతెన మీదికి నడిపించి, ప్రార్థన చేసి, వెనక్కి తిప్పారు. కోర్టు తాత్కాలిక నిషేధాన్ని దాటకూడదని ఆయన లెక్క. ముందుగా చెప్పకుండా వెనుదిరగడం విద్యార్థి నాయకులకు మింగుడుపడలేదు. ఆ రాత్రే బోస్టన్ నుంచి వచ్చిన తెల్లజాతి మతబోధకుడు జేమ్స్ రీబ్‌ను దుండగులు కొట్టారు, రెండు రోజులకు ఆయన మరణించారు. రీబ్ కోసం దేశమంతా శోకించింది. జాక్సన్ చనిపోయినప్పుడు ఆ స్పందన ఏదని నల్లజాతి కార్యకర్తలు అప్పుడే అడిగారు. మార్చి 15న జాన్సన్ పార్లమెంటు ఉభయసభలను ఉద్దేశించి ప్రసంగిస్తూ ‘వియ్ షల్ ఓవర్‌కమ్’ అనే ఉద్యమగీతపు పల్లవినే పలికారు. న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ అనుమతితో మార్చి 21న బయలుదేరిన మూడో యాత్ర 25న పాతిక వేల మందితో రాజధాని చేరింది. ఆ రాత్రే, యాత్రికులను కారులో దింపి వస్తున్న డెట్రాయిట్ గృహిణి వయోలా లియుజోను కాల్చి చంపారు.

ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద జాన్సన్ సంతకం చేశారు. సాధారణంగా చట్టాలు తప్పు చేసినవాణ్ణి తర్వాత శిక్షిస్తాయి. ఈ చట్టంలోని ఐదో సెక్షన్ పని తీరు వేరు. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాల్లో ఏ చిన్న మార్పు చేసినా, అమలుకు ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలి. పోలింగ్ కేంద్రాన్ని వీధి చివరికి మార్చినా సరే. ఆ మార్పు వల్ల నల్లజాతి ఓటర్లకు నష్టం లేదని నిరూపించవలసింది కూడా ఆ ప్రాంతమే. అంటే బల్లను తిప్పి పెట్టారు. ఇంతకాలం ప్రశ్నలు అడిగినవాడే ఇప్పుడు జవాబు చెప్పుకోవాలి. నమోదుకు కేంద్రమే పరీక్షకులను పంపింది. మిసిసిపీలో నల్లజాతీయుల నమోదు 1964లో 6.7 శాతం, 1967 నాటికి 59.8 శాతం. సెల్మాలో 1966 ఎన్నికల్లో షెరీఫ్ క్లార్క్ ఓడిపోయాడు.

ఓటు అన్నీ తెచ్చిపెట్టలేదు. లౌన్స్ కౌంటీలో పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాలను భూస్వాములు వెళ్లగొడితే వారు రోడ్డు పక్కన గుడారాల్లో బతికారు. 1965 నాటి సెల్మా మేయర్ జో స్మితర్‌మన్, మధ్యలో కొద్ది విరామం తప్ప, 2000 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. 1977లో పక్కనున్న వైమానిక స్థావరం మూతపడింది. 1960లో 28 వేల మంది ఉన్న ఊళ్లో 2020 లెక్కల ప్రకారం 18 వేల మందే మిగిలారు. 2023 జనవరిలో సుడిగాలి చాలా ఇళ్లను కూల్చింది. మార్చిలో ఒక వారాంతం కెమెరాలతో కిటకిటలాడే ప్రధాన వీధిలో మిగతా ఏడాది మూతబడ్డ దుకాణాలు ఎదురవుతాయి.

ఈ సంస్మరణకు రాజకీయ విలువ మాత్రం ఏటా పెరిగింది. 2000లో క్లింటన్, 2015లో ఒబామా, 2023లో బైడెన్ అధ్యక్ష పదవిలో ఉండగానే వచ్చారు. ఒబామా పక్కన ఆ రోజు మాజీ అధ్యక్షుడు బుష్ కూడా నడిచారు. ఆయన సంతకంతోనే 2006లో చట్టాన్ని మరో 25 ఏళ్లకు పొడిగించారు. సెనేట్‌లో 98–0 ఓట్లతో నెగ్గిందంటే వ్యతిరేకించడానికి ఒక్కరికీ నోరు రాలేదన్నమాట.

ఏడేళ్లకు ఆ ఏకాభిప్రాయం సుప్రీంకోర్టులో నిలవలేదు. ఫిర్యాదు తెచ్చింది అలబామాలోని షెల్బీ కౌంటీయే. 2013 ఫిబ్రవరి 27న ఆ కేసులో వాదనలు జరిగాయి. అదే రోజు వీధికి అవతల పార్లమెంటు భవనంలో నల్లజాతి హక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. జూన్ 25న 5–4 మెజారిటీతో తీర్పు వచ్చింది. ఏ ప్రాంతాలు ముందస్తు అనుమతి తీసుకోవాలో నిర్ణయించే సూత్రం పాతబడిందని కొట్టేశారు. సూత్రం పోయాక ఐదో సెక్షన్ కాగితం మీదే మిగిలింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తన తీర్పులో సెల్మా రక్తసిక్త ఆదివారాన్ని పేరుపెట్టి తలుచుకున్నారు. ఇప్పుడు ఆ ఊరికి నల్లజాతి మేయర్ ఉన్నాడు కాబట్టి కాలం మారిందని రాశారు. వంతెనకు ఏటా వేసిన పూలదండలే చట్టం అవసరం తీరిపోయిందనడానికి సాక్ష్యంగా మారాయి. సంస్మరణల్లో ఉన్న ప్రమాదం ఇదే. దెబ్బను ఒక తేదీకి, ఒక చోటికి కట్టేస్తే, ఆ తేదీ దాటిపోయింది కాబట్టి దెబ్బ మానిందని ఎవరైనా అనవచ్చు. నమోదు బల్లను గుర్తుపెట్టుకున్న జ్ఞాపకం అయితే ఆ మాట అంత తేలిగ్గా నమ్మదు. బల్లకు తేదీ లేదు, ఏ సోమవారమైనా తెరుచుకోవచ్చు. విభేదించిన న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ మాట చాలామందికి గుర్తుండిపోయింది: వానలో తడవడం లేదు కదా అని గొడుగు పారేసుకోవడం లాంటిదట ఇది.

తీర్పును సమర్థించేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 1960, 70ల లెక్కలతో ఒక రాష్ట్రాన్ని ఎన్నాళ్లు అనుమానించాలన్నది న్యాయమైన ప్రశ్నే. 2012లో దేశం మొత్తం మీద నల్లజాతీయుల పోలింగ్ శాతం తెల్లవారి కంటే మెరుగ్గా నమోదైంది కూడా. కొత్త సూత్రం రాసుకోండని కోర్టు పార్లమెంటుకే వదిలింది. పార్లమెంటు రాయలేదు. జాన్ లూయిస్ పేరు పెట్టిన బిల్లు 2021లో దిగువసభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఏటా వంతెన మీద చేతులు కలిపి నడిచే పక్షాలకు ఆ చట్టం రాసే బల్ల దగ్గర చేతులు కలవలేదు.

తీర్పు వచ్చిన కొన్ని గంటల్లోనే టెక్సస్ తన ఫోటో గుర్తింపు చట్టాన్ని అమలులోకి తెస్తామంది. అలబామా 2014లో ఫోటో గుర్తింపు తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాదే డబ్బులు లేవంటూ 31 డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయాలను మూసేస్తామని ప్రకటించింది. నల్లజాతీయులు ఎక్కువగా ఉన్న కౌంటీల్లో చాలావాటి కార్యాలయాలు ఆ జాబితాలో ఉన్నాయి. గొడవయ్యాక కొంత వెనక్కి తగ్గింది. 2021లో జార్జియా చేసిన చట్టం పోలింగ్ కేంద్రం ఆవరణలో వరుసలో నిలబడినవారికి ఇతరులు తిండి, నీళ్లు ఇవ్వడాన్ని నేరం చేసింది. ఓటర్లను ప్రలోభపెట్టకుండా ఉండటానికని ప్రభుత్వం చెప్పింది. ఆ నిబంధనలో కొంత భాగాన్ని తర్వాత కోర్టు నిలిపివేసింది. 1963 అక్టోబరు సోమవారం నాడు సెల్మా కోర్టు చుట్టూ నిలబడినవారికి ఆ చట్టం గురించి ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఐదో సెక్షన్ పోయినా రెండో సెక్షన్ మిగిలింది. నష్టం జరిగాక కోర్టుకు వెళ్లే దారి అది. అలబామా గీసిన పార్లమెంటు నియోజకవర్గాల పటం నల్లజాతి ఓటును పలుచన చేసిందని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4తో అంగీకరించింది. గెలుపే, అందులో సందేహం లేదు. కానీ ఆ తప్పు పటంతోనే 2022 ఎన్నికలు జరిగిపోయాయి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టంటారే, అలాగన్నమాట. ముందస్తు అనుమతికీ, తర్వాతి వ్యాజ్యానికీ మధ్య తేడా సరిగ్గా ఒక ఎన్నిక.

తెలుగువారికి ఈ కథతో ఉన్న సంబంధం దూరపుది కాదు. ఓటు హక్కుల చట్టం చేసిన పార్లమెంటే ఆ అక్టోబరులో వలస చట్టాన్నీ మార్చింది. జాతి మూలాన్ని బట్టి కోటాలు పోయాక ఆసియా నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లగలిగారు. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలావరకు ఆ తలుపులోంచి వెళ్లినవే. ఓటు హక్కుల చట్టానికి 1975లో చేర్చిన భాషా నిబంధనల వల్లే న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో 2013 నుంచి బెంగాలీలోనూ బ్యాలెట్లు వచ్చాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ జార్జియా, టెక్సస్ రెండూ ఒకప్పుడు ఐదో సెక్షన్ కిందివే.

వంతెన పేరు ఇంకా మారలేదు. ఎడ్మండ్ పెట్టస్ బానిసత్వం కోసం పోరాడిన సేనాని, నల్లవారిపై దాడులు చేసిన తెల్లజాతి రహస్య సంస్థ కూ క్లక్స్ క్లాన్ నాయకుడిగానూ పేరుంది. 2015లో పేరు మార్చాలన్నప్పుడు జాన్ లూయిస్ ఒప్పుకోలేదు. జరిగినదాన్ని దాని పేరుతో సహా చూపించాలన్నది ఆయన పట్టు. 2020 జులైలో ఆయన భౌతికకాయం గుర్రపుబండిలో గులాబీ రేకల మీదుగా అదే వంతెన దాటింది. అవతల ఒడ్డున అలబామా పోలీసులు ఈసారి వందనం చేశారు.

2015 స్వర్ణోత్సవంలో ఒబామా చేయి పట్టుకుని చక్రాల కుర్చీలో వంతెన మీదికి వచ్చింది అమీలియా బోయింటన్. అప్పటికి ఆమెకు నూరేళ్లు దాటాయి, ఆ ఆగస్టులో కన్నుమూశారు. 1965లో స్పృహ తప్పి పడి ఉన్న ఆమె ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫోటో కింద ఎక్కువగా ‘ఓటు కోసం వచ్చిన మహిళ’ అనే అర్థం వచ్చేలా రాస్తుంటారు. ఆమెకు 1930ల నుంచే ఓటు ఉంది. కోర్టు భవనం వరుస పక్కన ఏళ్ల తరబడి ఆమె నిలబడింది ఇతరుల కోసం.